సద్ది సంచికి గుచ్చిన పోలీసు బిళ్ల

హాస్టల్‌లో మిత్రుడు తాను సేకరించిన పాత పోలీసు టోపీలు, పతకాలు మంచం మీద పరిచాడు. ఆ ఇత్తడి వాసన నన్ను సారపాక దగ్గరి మా ఇంటికి ఈడ్చుకుపోయింది.

అడవి అంచున పెరిగిన నేస్తాలారా, గోళీలిచ్చి గుండీలు, బిళ్లలు మార్చుకున్న రోజులు గుర్తున్నాయా? నా బిస్కెట్ డబ్బాలో అన్నిటికన్నా మెరిసేది ఒక పోలీసు టోపీ బిళ్ల. వెదురు నరకడానికి అడవిలోకి వెళ్లే నాన్నకు గౌరవంగా ఉంటుందని, ఓ పొద్దున దాన్ని ఆయన సద్ది సంచికి గుచ్చాను.

ఆయన వెళ్లాక ఆ సంగతి అమ్మకు గర్వంగా చెప్పాను. అమ్మ చేతిలోని చేట జారిపోయింది.

"పోలీసోళ్ల మనిషనుకుంటే నక్సలైట్లు మీ నాయినను అడవిల బతకనిస్తరా?"

పొద్దుగూకే వేళకు నాన్న తిరిగొచ్చాడు. సంచికి బిళ్ల లేదు. గుచ్చిన చోట గుడ్డ చిరిగి ఉంది.

"ఎవరు పీకిండ్రు?" అంది అమ్మ.

"ఆ డబ్బా గుంత తీసి పూడ్చు" అన్నాడంతే. మళ్లీ ఏనాడూ వెదురుకు పోలేదు.

ఇప్పుడు కాలేజీ డిబేట్ వేదిక మీద ఎవరినైనా నిలదీస్తాను. బిళ్ల ఎవరు పీకారని అమ్మ వేసిన ఆ ప్రశ్నను మాత్రం నాన్నను ఇప్పటికీ అడగలేదు.

మిత్రుడు ఒక టోపీని నా తల మీద పెట్టబోతే పక్కకు తప్పుకున్నాను.

"ఏంది, డిబేట్ల పులివి గదా, టోపీకి భయమా?"

"అవ్, భయమే" అన్నాను.