చిలకక్క గడ్డం

ఆపరేషన్ గదిలో ఆ నర్సును అందరూ ముద్ద మేడమ్ అంటారు. ముఖం తీరు మార్చే ఆపరేషన్లకు ఎముకలా గట్టిపడే తెల్లని పొడిని తడిపి ముద్ద చేసివ్వడం ఆమె పని. నాలుగైదు నిమిషాల్లో అది రాయిలా బిగిసిపోతుంది. అందుకని చిటికెడు ముద్దను తన వేళ్ల మధ్య నలుపుతూ, దాని బిగువు చూసి పెద్ద డాక్టరుకు చెబుతుంది. "ఇప్పుడు" అంటే పెట్టాలి, "చాలు" అంటే చెయ్యి తీసెయ్యాలి. పదహారేళ్లుగా అక్కడ ఆమె మాటకు తిరుగులేదు. ఇంట్లో మాత్రం ఆ భాగ్యం లేదనుకోండి.

ఆ రోజు బల్లమీద పడుకున్నది ఆమె సొంత అక్క. యాభై రెండేళ్ల మనిషి. పుట్టుకతోనే గడ్డం లోపలికి పోయి, ముక్కు ముందుకొచ్చింది. బడి వరండాలో, పదిమంది ముందు "చిలకక్కా!" అని మొదట పిలిచింది అప్పటికి ఏడేళ్లున్న ఈ చెల్లెలే. ఆ పేరు ఇక వదల్లేదు. అత్తగారింట్లోనూ అదే, అక్క పనిచేసే లైబ్రరీలోనూ అదే. అక్క ఒక్కనాడూ కోప్పడలేదు. ఫొటో తీసేటప్పుడు మాత్రం గడ్డానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"ఈ పూటకి ఇంకెవరైనా కలుపుతార్లెండి," అన్నాడు డాక్టరు.

"వద్దండీ. మా అక్క గడ్డం నేనే కలుపుతాను."

కలిపింది. చిటికెడు నలుపుతుంటే మనసు ఆ బడి వరండాలోకి పోయింది. తేరుకునేసరికి వేళ్ల మధ్య ముద్ద గరగరలాడుతోంది. ఎప్పుడు బిగిసిందో తెలియలేదు. డాక్టరు అప్పటికే చెయ్యి చాపాడు. ఇప్పుడు పెడితే అక్క గడ్డం వంకరగా నిలిచిపోతుంది.

"ఆగండి డాక్టరుగారూ. పొరపాటు నాదే. ఇది పనికిరాదు, పారేస్తున్నాను."

ఆమె రెండో పొట్లం విప్పి, ఈసారి పైకే అంకెలు లెక్కపెడుతూ కలిపింది.

"ఇప్పుడు," అంది. కాసేపటికి, "చాలు."

సాయంత్రం అక్క కళ్లు తెరిచింది. ముఖమంతా వాపు, గడ్డానికి కట్టు.

"చిల..." అని చెల్లెలు నాలుక కరుచుకుంది.

"ఆగిపోయావేంటే?" అంది అక్క, పెదవులు సరిగా కదలక.

"ఆ పేరు పెట్టినందుకు ఇన్నేళ్లూ సిగ్గుతో చస్తున్నాను. నన్ను క్షమించు."

"నాకు తెలీదా? పెద్ద ఆసుపత్రికి పోదామని మీ బావ ఎంత పోరినా నేను ఇక్కడికే వచ్చాను. ఆ పేరు పెట్టినదానివి నువ్వే తియ్యాలని."

చెల్లెలు ఏడుపు ఆపుకోలేకపోయింది. అక్క చేతిని రెండు చేతులతో పట్టుకుని, "అక్కా," అంది. ఏడేళ్ల వయసు తర్వాత ఉత్తి అక్కా అని పిలవడం ఆమెకు అదే మొదలు.