ఒక టీ తక్కువ

అంగడి తెరిచే వేళలో నాయన నాకు ఎప్పుడూ ఫోన్ చేయడు. ఆ రోజు చేశాడు. "అమ్మా, మన కండక్టర్ సాబు పోయినాడు," అని చెప్పి, "నిద్దర్లోనే. కష్టమేమీ పడలేదంట," అన్నాడు. నేను అనంతపురంలో ఒక బడి లైబ్రరీ చూసుకుంటాను. చేతిలో ఉన్న పుస్తకాలు అల్మారాలో సర్ది, తాళంచెవి ఇచ్చేసి, మడకశిర బస్సు ఎక్కాను. నేను చేరేసరికే మట్టి ఇచ్చి వచ్చేశారు. నాయన గోళ్ల సందుల్లో ఎర్రమన్ను ఇంకా ఉంది.

ఆయన మా ఎదురింటి తాత. ఊరికి కండక్టరు, నాయనకు సాబు, నాకు తాత. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా ఆయనలోని కండక్టరు దిగలేదు. ఆటోలో చోటున్నా అంచున కూర్చుని, ఒక కాలు బయట పెట్టేవాడు. ఇంట్లోంచి బయటికి వస్తూ తలుపును అరచేత్తో రెండుసార్లు చరిచేవాడు, బస్సును పొమ్మన్నట్టు. "తలుపు పగలగొడతాడు ఈ మనిషి," అని ఆయన భార్య, మా అవ్వ, రోజూ లోపలి నుంచి అరిచేది. రోజూ చరిచేవాడు.

మా వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చినా మర్నాడు పొద్దున తాత వాళ్ల గడప దగ్గర ఉండేవాడు.

"ఊరు చూసినారా?"

"ఈడ చూసేదానికి ఏముండాది సాబూ," అని ఇంటివాళ్లే అడ్డం పడేవాళ్లు.

"మీకేమీ లేదులే. వాళ్లకుండాది. వాళ్లు కొత్త గదా."

ఆ రోజంతా ఆ చుట్టాలు తాత చేతిలోనే. బస్సులో కర్ణాటక సరిహద్దు దాకా పోవడం, అక్కడ టీ, మధ్యాహ్నం పట్టుపురుగులు పెంచే ఒక ఇల్లు, తర్వాత చెరువు, ఎండ తగ్గాక కొండ మీది కోట. చెరువు దగ్గర ప్రతివాళ్లూ ఒకే ప్రశ్న అడిగేవాళ్లు, ఇది చెరువా అని. లోపల తుమ్మచెట్లు, మేస్తున్న గొర్రెలు తప్ప ఏమీ కనిపించదు మరి. "చెరువే," అనేవాడు తాత. "నీళ్లు లీవులో ఉండాయి."

ఎక్కడ ఆగినా, ఎక్కడి నుంచి కదిలినా తలలు లెక్కపెట్టేవాడు. చుట్టిన కాగితంతో ఒక్కొక్కరి భుజం తాకుతూ పోయేవాడు. లెక్క సరిపోతే "రైట్!" తప్పితే "హోల్డాన్!" ఆ లెక్కలో ఆయన ఎప్పుడూ ఉండేవాడు కాదు. సరిహద్దు దగ్గర టీ అంగడిలో ఏడుగురు చుట్టాలుంటే ఏడు టీలు చెప్పేవాడు. అందరికీ అందాక తన చేతులు ఖాళీగా ఉండేవి. అంగడాయన నవ్వేవాడు. "సాబూ, మళ్లా నిన్ను నువ్వే మర్సినావు."

"కండక్టరు ప్యాసింజర్ ఎట్లయితాడప్పా!"

చెప్పకపోయినా అంగడాయన ఒకటి ఎక్కువ పోసేవాడు. తాత ఆ గ్లాసును రోడ్డు పక్కనున్న సరిహద్దు రాయి మీద పెట్టి, అందరూ తాగడం అయ్యాక తాగేవాడు. "ఆంధ్రాలో కాచిన టీ. కర్ణాటక గాలికి సల్లారుతాండాది," అనేవాడు. చుట్టాలను ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి నిలబడమనేవాడు. "రెండు రాష్ట్రాల్లో ఉండారు మీరు. యాడ ఆకలైతాండాదో చెప్పండి, ఆడ తిందాం."

నేను డిగ్రీ చదివేటప్పుడు, కాన్వెంటు హాస్టల్లో ఉండి నాతో చదివిన స్నేహితురాళ్లు నలుగురు మా ఊరు చూస్తామని రాశారు. అందరూ పెద్ద ఊళ్లవాళ్లు. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. బడిలో అన్నేళ్లూ పుస్తకం అడ్డం పెట్టుకుని గడిపినదాన్ని. పొద్దస్తమానం నలుగురితో మాట్లాడటం ఒక భయం. ఏమీ లేని ఊరు ఇదని వాళ్లు నవ్వుకుంటారని ఇంకో భయం. హిందూపురంలోనే కలిసి, లేపాక్షి చూపించి అటునుంచి అటే పంపించేద్దామని నాయనతో అంటున్నాను. ఉప్పు కోసం మా అంగడికి వచ్చిన తాత విన్నాడు.

"ఏమమ్మాయీ, మడకశిరకి బస్సు లేదా?"

నేను తల వంచుకుని ఉప్పు పొట్లం కట్టాను. "వాళ్లొచ్చేది నిన్ను చూసేదానికి. నువ్వుండేది ఈడ," అని ఉప్పు పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు.

వాళ్లు వచ్చారు. తాత నడిపించాడు. నేను అందరికంటే వెనక నడిచాను. కాగితం చుట్ట నా భుజం కూడా తాకింది. "అమ్మాయితో ఐదు. రైట్." టీలు ఐదు వచ్చాయి. ఆరోది రాయి మీద చల్లారింది. నా స్నేహితురాళ్లు రెండు రాష్ట్రాల్లో నిలబడి ఫోటోలు తీసుకున్నారు. పట్టుపురుగులు ఆకు తినే చప్పుడు వాన చినుకుల్లా ఉందని ఒకమ్మాయి కళ్లు మూసుకుని వింది. ఆ చప్పుడు వింటూ పెరిగిన నాకు ఆ పోలిక ఎప్పుడూ తట్టలేదు.

సాయంత్రం కొండ. మొదటి మలుపు దగ్గర తాత ఒక బండ మీద కూర్చున్నాడు. "ఈడ్నుంచి నువ్వు పిల్చుకోని పో."

"నాకు మాటలు రావు తాతా."

"మాటలెందుకు? ముందు నడువు. నడమ నడమ ఎనక్కి తిరిగి లెక్క పెట్టుకో. అంతే. ఎంతమంది పోతాండారు?"

"ఐదుగురం."

"తప్పు. నలుగురు. నువ్వు లెక్కలో లేవింగ."

చుట్టిన కాగితం నా చేతిలో పెట్టాడు. నేను ముందు నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే నలుగురు. ఇంకో మలుపు, మళ్లీ నలుగురు. లెక్క తప్పకూడదన్న ధ్యాసలో సిగ్గుపడటానికి తీరిక లేకపోయింది. పైకెక్కాక వాళ్లు అడగడం మొదలుపెట్టారు. ఆ పచ్చటి ముక్కలు ఏమిటి? బోరు కింద వక్కతోటలు, మల్బరీ. ఆ ఎర్రటిది? వాన కోసం చూస్తున్న శెనక్కాయ చేను. ఆ గుండ్రటి పళ్లెం లాంటిది? చెరువు, నీళ్లు లీవులో ఉన్నాయి. వాళ్లు పగలబడి నవ్వారు. "నువ్వు ఇంత మాట్లాడతావా!" అంది ఒకమ్మాయి. నాకూ అప్పుడే తెలిసింది.

కిందికి దిగేసరికి తాత అదే బండ మీద ఉన్నాడు. నేనే ముందుగా, "నలుగురు, రైట్," అన్నాను. ఆయన బండ పట్టుకుని మెల్లగా లేచాడు.

ఆ తర్వాత సెలవులకు ఎప్పుడు వచ్చినా, ఎవరి చుట్టాలనైనా తాత ఆ బండ దాకా తీసుకొచ్చి నాకు అప్పజెప్పేవాడు. ఇన్నేళ్లూ నేను ఒకటే అనుకున్నాను, నాకు నేర్పడానికే ఆ రోజు అక్కడ కూర్చున్నాడని. ఎంత తెలివిగా నా సిగ్గు వదిలించాడని.

ఆయన పోయిన రోజు అవ్వ పక్కన కూర్చుని అదే చెప్పాను. అవ్వ ఏడుపు ఆపి నా వైపు చూసింది.

"నేర్పేదేందమ్మా! మోకాలు పని చేయక కూర్చున్యాడు. ఆ పొద్దు ఇంటికొచ్చి రాత్రంతా కాపడం పెట్టించుకున్యాడు. ఇంగ కొండెక్కేది ఐపోయిందని నాకప్పుడే చెప్పె." పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనేమో బాధ పడతాండాడేమో అనుకుంటి. ఆ మనిషి నవ్వుతాండాడు. ఎదురింటి శెట్టి కూతురికి బండి అప్పజెప్పి వచ్చినా, మంచి చేతిలో పడిందిలే, అన్యాడు."

పాఠం అనుకున్నదానికంటే అది నాకు ఎక్కువ నచ్చింది. ఆయనకు నిజంగా ఒక మనిషి కావలసి వచ్చింది. చూస్తే నేను కనిపించాను.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలకు తాత వైపు చుట్టాలు గుంతకల్లు నుంచి, బెంగళూరు నుంచి వచ్చారు. అన్ని ఊళ్లవాళ్లకూ ఊరు చూపించిన మనిషి, సొంత చుట్టాలకు చూపించే వీలే చిక్కలేదట. మర్నాడు పొద్దున అవ్వ నన్ను పిలిచింది. "ఇంట్లోనే ముడుచుకోని కూర్చుండారు. ఆయన ఉంటే కూర్చోనిస్తాడా? పిల్చుకోని పోమ్మా."

ఆరుగురు. గడప దాటేటప్పుడు నా చెయ్యి తలుపు మీద రెండుసార్లు పడింది. లోపలి నుంచి అవ్వ ఏమీ అరవలేదు. "రైట్," అంది.

సరిహద్దు దగ్గర బస్సు దిగి లెక్క చూసుకున్నాను. టీ అంగడికి పోయి ఆరు టీలు చెప్పాను. ఆరు వచ్చాయి. ఆరుగురూ తీసుకున్నారు. వాళ్లలో పెద్దాయన నన్ను చూసి, "నీదేదమ్మా?" అన్నాడు.

నేను నా ఖాళీ చేతులు చూసుకున్నాను.

అంగడాయన ఇంకో గ్లాసు కడిగి, టీ పోసి, తనే రోడ్డు పక్కకు నడిచి రాయి మీద పెట్టి వెళ్లాడు. అందరూ తాగడం అయ్యేదాకా నేను దాన్ని ముట్టుకోలేదు. రాయి మీద ఆవిరి ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతూ ఉంది.