దశరథరామయ్య గారి బిగింపు

దశరథరామయ్య గారికి నియమాన్ని బిగించడం వచ్చు. సడలించడం రాదు. తెనాలి మారీసుపేటలో ఆయనుండే అపార్ట్‌మెంటు వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. వాళ్లందరికంటే ముందు, ముప్పై ఎనిమిదేళ్ల కిందట, పెళ్లిపీటల మీదే ప్రమీలారాణికి తెలిసిపోయింది. మూడు ముళ్లు వేయమని పంతులు గారంటే ఆయన నాలుగో ముడి కూడా వేశారు. "ఇదేంటి బాబూ?" అని పంతులు గారు కంగారు పడితే, "పైనుంచి మూడన్నారు. నా పరిధిలో బిగించాను" అన్నారు.

ఆ ముడి విప్పడానికి ప్రమీలారాణి వాళ్ల పిన్నికి అరగంట పట్టింది.

ఆయన సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్లు ఆఫీసు పని చూసి సుబేదారుగా రిటైరయ్యారు. ఎవరైనా మర్యాదకి "మేజర్ గారూ" అంటే, "సుబేదార్ అనండి. ర్యాంకు పెంచే అధికారం మీకు లేదు" అని సరిదిద్దుతారు. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన నేర్చుకున్నదంతా రెండు వాక్యాల్లో చెప్పేస్తారు. పైవాళ్లు రాసిన నియమాన్ని కింది కమాండరు తన యూనిట్ వరకు బిగించుకోవచ్చు. సడలించాలంటే మాత్రం పైనుంచే కాగితం రావాలి.

ఒకసారి కొత్తగా వచ్చిన మేజరొకడు హుషారుగా ఆయన బల్ల దగ్గరికొచ్చి, "రామయ్యా, నా జవాన్లకి మీసాలు కాస్త పొడుగున్నా ఫర్వాలేదని రాయి" అన్నాడట.

"రాయలేను సార్. పొట్టిగా ఉండాలని కావాలంటే రాస్తాను."

"నేను కమాండర్నయ్యా!"

"అందుకే పొట్టిగా రాస్తానంటున్నాను సార్."

ఆ మేజరు తన మీసం తడుముకుంటూ వెళ్లిపోయాడట.

రిటైరయ్యాక సైన్యం ఆయన్ని వదిలింది గానీ ఆయన సైన్యాన్ని వదల్లేదు. డాక్టరు చక్కెర ఒక చెంచాకి తగ్గించమంటే సున్నాకి బిగించారు. పనిలో పనిగా ప్రమీలారాణి కాఫీలోనూ బిగించారు. "నాకు షుగరు లేదు కదండీ!" అని ఆవిడ మొత్తుకుంటే, "ఒకే యూనిట్ కదా" అన్నారు. రేపల్లెలో ఉన్న అక్కగారింటికి వెళ్లాలంటే బండికి గంటన్నర ముందే స్టేషన్లో కూర్చోబెడతారు. ఎదురుగా ముందు బండి ఖాళీగా, కిటికీల నిండా లేత ఎండ నింపుకుని, రండి రండి అన్నట్టు నిలబడి ఉంటుంది. ఎక్కనివ్వరు. "మనం బయల్దేరేది తరవాతి బండికి. ముందే ఎక్కితే ప్రోగ్రాం సడలించినట్టే" అంటారు. ఆ బండి వెళ్లిపోతుంది. ప్రమీలారాణి దాని వెనక పెట్టెని, పొలాల పచ్చదనంలో అది చిన్న చుక్కై కరిగిపోయేదాకా, ఆశగా చూస్తూ కూర్చుంటుంది.

బాపట్లలో వాళ్లమ్మాయి హిమబిందు పెళ్లయితే ఇప్పటికీ బంధువుల నోళ్లలో నలుగుతూనే ఉంది. శుభలేఖలో విందు పన్నెండున్నరకని వేశారు. పన్నెండుంపావుకి వియ్యంకుడు వెంకటకృష్ణయ్య గారు గుత్తి వంకాయ వాసన పట్టుకుని భోజనాల హాలు గుమ్మం దాకా వచ్చేశారు. గుమ్మానికి అడ్డంగా దశరథరామయ్య గారు.

"ఆకలేస్తోంది బావగారూ."

"ఇంకా పావుగంట ఉంది బావగారూ. కార్డు ఇద్దరం కలిసి వేయించాం. మార్చాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి."

"పెన్నివ్వండి, పెడతాను!"

"మీరు పెడతారు. నేను పెట్టొద్దూ?"

ఇలాంటి మనిషిని ఎవరైనా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి అధ్యక్షుణ్ణి చేస్తారా? చేశారు. ఇంకెవరూ ఒప్పుకోలేదు మరి. అసోసియేషన్‌కి ముప్పై ఒక్క రూళ్లున్నాయని అపార్ట్‌మెంటు వాళ్లకి ఆ రోజే తెలిసింది. ఎనిమిదింటికి బయట పెట్టాల్సిన చెత్తబుట్టలు ఏడున్నరకే వరస కట్టాయి. పది దాటితే ఆపాల్సిన టీవీలు తొమ్మిదిన్నరకే నోళ్లు మూసుకున్నాయి. సీరియల్ చివరి అయిదు నిమిషాలూ ఒకరికొకరు ఫోన్లో గుసగుసగా చెప్పుకునేవారు.

కింద సెల్లార్లో, మెట్ల వారగా, దేవకుమారి ఇస్త్రీ టేబులు ఉంది. చుండూరు నుంచి వచ్చిన మనిషి. భర్త పోయిన ఏడాది నుంచి, అంటే ఆరేళ్లుగా, ఆ మూలే ఆవిడ బతుకుతెరువు. బొగ్గుల పెట్టె, నీళ్ల గిన్నె, గోడకి ఓ వాక్యం రాసిన చర్చి క్యాలెండరు. నీళ్లు చిలకరించిన బట్ట మీద పెట్టె జరిగినప్పుడల్లా చిన్న తెల్లమబ్బు లేచి, ఆవిడ మొహం మీంచి మెల్లగా తప్పుకునేది. బాపట్లలో నర్సింగు చదివే కూతురు పింకీ ఆ మబ్బుల్లోంచే మెట్టు మెట్టుగా పైకెక్కుతోంది.

మూడో అంతస్తు శశిధర్ రెండో కారు కొన్నాడు. ఆ మూల కావాల్సొచ్చింది. రూళ్ల పుస్తకం తిరగేసి, పద్నాలుగో రూలు పట్టుకుని, అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. సెల్లార్లో సొంత వ్యాపారాలు చేయరాదు.

ఆ ఉత్తరాన్ని ప్రమీలారాణి కూడా చదివింది. "ఏమండీ, ఈ ఒక్కటీ చూసీ చూడనట్టు వదిలెయ్యండి. ఎక్కడికి పోతుంది ఆ మనిషి? వచ్చేది వానాకాలం. రోడ్డు మీద బొగ్గులు రాజుకుంటాయా?"

"సడలించే అధికారం నాకు లేదు ప్రమీలా."

"అధికారం లేదా, మనసు లేదా?"

ఆయన చెప్పులేసుకుని కిందికి వెళ్లారు. ఆవిడా వెనకే వెళ్లింది. దేవకుమారి అప్పుడు ఆయన చొక్కానే ఇస్త్రీ చేస్తోంది.

"వచ్చే ఆదివారం మీటింగు దేవకుమారిగారూ. రూలు పద్నాలుగు ప్రకారం ఇక్కడ సొంత వ్యాపారం ఉండకూడదు."

"అలాగేనండి సార్," అంది దేవకుమారి. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చొక్కా మాడకముందే మళ్లీ కదిలింది. "కాలరు గట్టిగా కొట్టమన్నారు కదండీ?"

ఆ రోజు నుంచి ప్రమీలారాణి భర్తతో మాట్లాడ్డం మానేసింది. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడులోనే ఆవిడ చెప్పాల్సిందంతా చెప్పేది.

సోమవారం లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించి ఉంది. "రూలు తొమ్మిది: ఆవరణలో మర్యాదగల దుస్తులు ధరించవలెను. అధ్యక్షుని బిగింపు: నలిగిన దుస్తులతో ఎవరూ గడప దాటరాదు. రేపటి నుంచి అమలు."

ప్రమీలారాణి నుదురు కొట్టుకుంది. ఉన్న పిచ్చి చాలదని ఇదొకటా!

మంగళవారం పొద్దున ఆరింటికి ఆయన లిఫ్టు ముందు నిలబడ్డారు. బ్యాంకులో పనిచేసే ఉషశ్రీ పాల ప్యాకెట్టు కోసం దిగింది.

"మడతలమ్మా, మడతలు."

"అంకుల్, ఇది నైటీ! నైటీకి ఇస్త్రీ ఏంటండీ?"

"రూల్లో నైటీకి మినహాయింపు లేదమ్మా."

"పాలు విరిగిపోతాయి అంకుల్!"

"అయితే త్వరగా చేయించుకురా."

రెండు రోజులు అందరూ తిట్టుకుంటూ ఇళ్లలోనే రుద్దుకున్నారు. మూడో రోజుకి ఓపికలు అయిపోయాయి. లుంగీలు, నైటీలు, యోగా ప్యాంట్లు చేత్తో పట్టుకుని సెల్లార్లో వరస కట్టారు. దేవకుమారి కూర్చుని ఎరగదు. శశిధర్ లుంగీకి ప్యాంటుకున్నట్టు ముందొక గీత, వెనకొక గీత వచ్చాయి. నడుస్తుంటే జాతీయ పండగనాడు కవాతు చేస్తున్నట్టుండేవాడు.

ఆదివారం వచ్చింది. మీటింగులో అంత నిగనిగలాడే జనాన్ని ఆ అపార్ట్‌మెంటు ఎన్నడూ చూడలేదు. ప్రమీలారాణి చివరి కుర్చీలో కూర్చుంది. దేవకుమారి తలుపు పక్కన నిలబడింది. అప్పటికే ఇస్త్రీ పెట్టె చల్లార్చి, క్యాలెండరు చుట్టి సంచిలో పెట్టేసుకుంది.

శశిధర్ లేచాడు. "రూలు పద్నాలుగు, బాబాయ్‌గారూ. మీరే ఏదో ఒకటి తేల్చాలి."

"తేల్చేశాను. ఈ ఉదయం నుంచి సెల్లార్లో సొంత వ్యాపారం మూసేశాం."

దేవకుమారి సంచి భుజానికి తగిలించుకుంది.

"ఆగండి దేవకుమారిగారూ. నేను అయిపోయిందనలేదు." ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. "రూలు ముప్పై ఒకటి. నియమాల అమలుకి కావాల్సిన ఏర్పాట్లు అధ్యక్షుడు చేయవలెను. నలిగిన బట్ట కట్టకూడదని నేను ఉత్తర్వు వేశాను. అది పాటించే వీలు కల్పించకపోతే తప్పు నాది. అంచేత ఇవాళ్టి నుంచి ఆ మూల అసోసియేషన్ వారి ఇస్త్రీ విభాగం. నిర్వహణ దేవకుమారిగారు. సంపాదన ఎప్పట్లాగే ఆవిడదే."

అందరూ శశిధర్ వైపు తిరిగారు.

"ఇది సడలించడం కాదా?" అన్నాడు శశిధర్.

"ఎక్కడ సడలించానో చూపించు నాయనా."

శశిధర్ పుస్తకం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "అయితే ఆ తొమ్మిదో రూలు బిగింపే తీసేద్దాం."

"అందరూ ఓటేసి తీసేయొచ్చు. ఆ అధికారం మీకుంది. ఎత్తండి చేతులు."

శశిధర్ చెయ్యి లేవబోయింది. పక్క కుర్చీలోంచి ఉషశ్రీ అతని మోచెయ్యి పట్టుకుంది. "చెయ్యెత్తకండి అన్నయ్యా. చంక దగ్గర మడత చెడిపోతుంది."

నవ్వు ఆ మూల నుంచి ఈ మూలకి పాకింది. శశిధర్‌కి కూడా అంటుకుంది. నవ్వు తగ్గాక దశరథరామయ్య గారు, "నా స్థలంలో నాకున్నది స్కూటరొక్కటే. మీ కారు అక్కడ పెట్టుకోండి" అన్నారు. "గీత దాటితే మాత్రం ఊరుకోను."

ఆ సాయంత్రం, వారం రోజుల తర్వాత, ప్రమీలారాణి ఆయనతో నోరు విప్పింది. "ముందే చెప్పొచ్చుగా?"

"ఉత్తర్వు అందేదాకా చెప్పకూడదు."

"మీ సైన్యంలో ఇలాంటివెన్ని చేశారేంటి?"

ఆయన కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టారు. "ఒకసారి మా కర్నల్ పొద్దున పరేడు త్వరగా ముగించాలన్నాడు. తగ్గించడానికి వీల్లేదన్నాను. మరి అరగంట ముందు మొదలెట్టొచ్చా అని అడిగాడు. అది బిగింపే కదా, రాశాను. చలికి పళ్లు కొరుక్కుంటూ అందరూ నన్ను తిట్టారు. పరేడు అరగంట ముందే అయిపోయింది. సెలవు మీద ఇళ్లకెళ్లే పదకొండుమంది స్టేషనుకెళ్లే లారీ అందుకున్నారు. ఆ తరవాత ఎవరూ తిట్టలేదు."

ప్రమీలారాణి బల్ల మీది రూళ్ల పుస్తకం ఆయన ముందుకి జరిపింది.

"అయితే ఇంకోటి రాయండి. ఇస్త్రీ విభాగంలో పనిచేసేవాళ్లు గంటకోసారి కూర్చోవాలి. పొద్దుటి నుంచీ నిలబడి ఆవిడ కాళ్లు వాచిపోయాయి."

"సడలింపా?" అన్నారాయన అనుమానంగా.

"కాదు, తప్పనిసరి. కూర్చోకపోతే ఊరుకునేది లేదు."

దశరథరామయ్య గారి మొహం వెలిగింది. పెన్ను తీసి శ్రద్ధగా రాశారు. "గంటకి... అయిదు... నిమిషాలు..."

ఆయన భుజం మీంచి తొంగిచూసి, ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి, ప్రమీలారాణి ఆ మాట అంది.

"బిగించండి."

ఆయన అయిదు కొట్టేసి పది చేశారు.

"ఇంకాస్త," అంది ఆవిడ.