అత్త ఎడమకాలు

కోవిల్‌పట్టి కార్ఖానాలో మా అత్త అగ్గిపెట్టెల్లో పుల్లలు నింపుతుంటే, ఆమె ఎడమకాలు బల్ల కింద లేని క్లచ్‌ని తొక్కుతూ ఉండేది. ఆదివారాలు విరుదునగర్ వెళ్లి బస్సు నేర్చుకునేది. మిగతా ఆరు రోజులూ ఆ కాలే నేర్చుకునేది.

"ఏమక్కా, బస్సు యాడికి పోయె?" అని పక్కవాళ్లు నవ్వేవాళ్లు.

"సాత్తూరు దాటితిని," అనేది తలెత్తకుండా. విరుదునగర్ దారిలో వచ్చే ఊరు అది.

హెవీ లైసెన్సు పరీక్షకు నేను తోడు వెళ్లాను. ఎత్తు మీద బస్సు ఆపించి, ఇన్‌స్పెక్టర్ వెనక చక్రానికి ఆనించి ఒక అగ్గిపెట్టె పెట్టాడు. బండి వెనక్కి జారితే పెట్టె నలుగుతుంది, లైసెన్సు రాదు. అత్త కంటే ముందు ఎక్కిన ఇద్దరు మగవాళ్లు రెండు పెట్టెలు నలిపి దిగారు.

అత్త ఎడమకాలు క్లచ్ మీద నుంచి మెల్లగా లేచింది. బస్సు ఒక్క వణుకు వణికి ముందుకే కదిలింది. నేను పరిగెత్తి చూశాను. పెట్టె మూల కూడా చెదరలేదు.

పాసైందని ఇన్‌స్పెక్టర్ చెప్పగానే, అత్త డ్రైవర్ సీట్లోంచి దిగకుండానే కార్ఖానాకు ఫోన్ చేసింది.

"అందురూ వినుకోండమ్మా! విరుదునగరు చేరితిని!"