కాగితాల మీది ఓనరు

మా ఇంటి కరెంటు బిల్లు ఏనాడూ మా పేరు మీద రాలేదు. నీళ్ల బిల్లూ అంతే, ఇంటి పన్నూ అంతే. అన్నీ ఒక పంజాబీ పెద్దాయన పేరు మీదే వచ్చేవి. యమున అవతల ప్రభుత్వం కట్టించిన ఆ ఫ్లాటు మొదట లాటరీలో ఆయనకు తగిలింది. ఎనభైల్లో ఆయన దగ్గర మేము కొనుక్కున్నాం. ఆ రోజుల్లో ఢిల్లీలో అలాంటి ఇళ్లు నేరుగా అమ్మడానికి వీల్లేదు కాబట్టి, డబ్బు పుచ్చుకుని పవర్ ఆఫ్ అటార్నీ, ఒక వీలునామా, ఒక రసీదు రాసిచ్చేవారు. ఇంట్లో ఉండేది మనం, సున్నాలు వేయించుకునేది మనం, సర్కారు ఫైల్లో మాత్రం మొదటివాడి పేరే. ఊళ్లో సగం మంది అలాగే బతికేవారు కాబట్టి మాకూ భయమనిపించలేదు. బిల్లు వచ్చినప్పుడల్లా మావారు, "ఇదిగో, మన ఓనరుగారికి ఉత్తరమొచ్చింది, కాఫీ పెట్టు" అని ఆటపట్టించేవారు.

మాది బాపట్ల వైపు. నేను ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సును, మావారు ఆర్.కె. పురంలో ఒక ఆఫీసులో గుమాస్తా. తొంభైల మొదట్లో ఒక ఉదయం ఆయన గడ్డం గీసుకుంటూ కూలబడిపోయారు. కుడి పక్కంతా పడిపోయింది. కొన్నాళ్లకు మాట వచ్చింది గాని కాలు రాలేదు. మా ఫ్లాటు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. వార్డులో ముక్కూ మొహం తెలియని రోగుల్ని పొద్దస్తమానం లేపి కూర్చోబెట్టే దాన్ని, సొంత మొగుణ్ణి కింది వీధిలోకి తీసుకెళ్లలేకపోయాను. దానికి నేను పడ్డ ఉక్రోషం ఇంతా అంతా కాదు.

ఆయన బాల్కనీలో కూర్చుని ఎదురుగా ఉన్న పాల బూత్‌ను చూస్తుండేవారు. అందులో పాలకు టోకెన్లుండేవి. మిషన్‌లో టోకెను వేసి, గొట్టం కింద క్యాను పెడితే పాలు పడేవి. పడిపోక ముందు ఆ పని ఆయనదే. క్యాను పట్టుకుని వెళ్లి, క్యూలో నించుని, సర్దార్జీలతో క్రికెట్ మాట్లాడి, అరగంటకు గాని వచ్చేవారు కాదు. నేను ఆ ఆలస్యానికి రోజూ సణిగేదాన్ని. మంచాన పడ్డాక ఆయన అది కావాలనీ ఇది కావాలనీ ఏమీ అడగలేదు. ఒకసారి మాత్రం, "నా టోకెన్లు నా చేత్తో వెయ్యాలని ఉందే" అన్నారు.

అప్పుడే ఇల్లు మారాలని నిశ్చయించుకున్నాను. అదృష్టమే అనుకున్నాం, అదే కాలనీలో సరిగ్గా పాల బూత్ పక్కనే ఒక కింది ఫ్లాటు అమ్మకానికొచ్చింది. ఒక టీచరమ్మది, ఆంటీ అనేవాళ్లం. ఆవిడ ఉద్యోగం మానేసి డెహ్రాడూన్ వెళ్లిపోతోంది. గేటు దగ్గర రెండే మెట్లు, వాటి మీద సిమెంటుతో వాలుగా పోయిస్తే చక్రాల కుర్చీ వీధిలోకి వచ్చేస్తుంది. నా నగలు కుదువబెట్టి ఆవిడకు బయానా ఇచ్చాం. మా ఫ్లాటు అమ్మిన డబ్బు రాగానే మిగతాది ఇచ్చేట్టు ఒప్పందం. గడువు దాటితే బయానా పోతుందని ఆవిడ ముందే చెప్పింది. ఆ సాయంత్రం మావారు నా చేత కొత్త టోకెన్లు తెప్పించి చొక్కా జేబులో వేసుకున్నారు.

మా కాగితాల పని మా తెలుగు చర్చి పెద్దల్లో ఒకాయనకు అప్పగించాం. తీస్ హజారీ కోర్టులో లాయరు, తెనాలి మనిషి. ఢిల్లీలో వేలమంది వకీళ్లుండగా ఆయన దగ్గరికే ఎందుకెళ్లామంటే, మనవాడని. మనవాడైతే ఫీజు తగ్గిస్తాడు, మనం కాగితాలు చదవనక్కర్లేదు, ప్రశ్నలు అడగనక్కర్లేదు. మావారు పడిపోయిన వారం ఇంటికొచ్చి మోకాళ్ల మీద ప్రార్థన చేసిన మనిషిని రసీదు అడగడానికి నోరెలా వస్తుంది? పరాయివాడైతే ప్రతి అక్షరం వేలుపెట్టి చదివేదాన్ని.

కొనేవాడు గుర్గావ్‌లో ఒక కంపెనీ ఉద్యోగి. వాళ్ల ఆఫీసే అప్పిస్తుంది, డ్రాఫ్టు నేరుగా ఓనరుకు పంపిస్తుంది. ఓనరు పేరు, చిరునామా లాయరుగారు ఉత్తరం రాసి తెలపాలి. ఇక సంతకాలు. పవర్ ఆఫ్ అటార్నీ మావారి పేర ఉంది కాబట్టి ఆయన రిజిస్ట్రారు ఆఫీసుకి రాక తప్పదు. మామూలుగా అయితే ముందు ఒప్పందం, డబ్బు చేతికొచ్చాక రసీదు, తాళాలు. దానికి రెండుసార్లు దింపాలి. లాయరుగారు నన్ను పక్కకు పిలిచి, "చెల్లెమ్మా, బావగారిని మాటిమాటికీ ఏం మోయిస్తాం? అన్నీ ఒకేసారి పెట్టిచ్చేద్దాం. డబ్బు వారంలో వచ్చేస్తది" అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. ఆ మనిషికి మా మీద ఎంత దయ అనుకున్నాను.

చర్చి కుర్రాళ్లు నలుగురు ఆయన్ని పేము కుర్చీలో కూర్చోబెట్టి దించారు. పడిపోయాక ఆయన నేల మీదికి రావడం అదే మొదలు. పాల బూత్ ముందుకొచ్చేసరికి కుర్చీ ఆపమన్నారు. మధ్యాహ్నం కదా, మూసేసి ఉంది. జేబు మీద ఎడం చెయ్యి పెట్టుకుని ఆ ఇనప తలుపు వంక చూశారు. "నెలాళ్లు ఆగండి, పక్కనే ఉంటాంగా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తుంది.

మొత్తం సొమ్ము ముట్టినట్టు రసీదు మీద ఎడం చేతి వేలిముద్ర వేశారు. తాళాలిచ్చేశాం. నెల రోజులకేగా అని పక్క వీధిలో ఒక మేడ మీద బర్సాతీ, అంటే డాబా పైన కట్టిన ఒంటి గది, అద్దెకు తీసుకున్నాం. మూటలు విప్పలేదు.

వారం పోయింది, మరో వారం పోయింది. డబ్బు రాలేదు. కొన్నవాణ్ణి అడిగితే, ఆఫీసు ఎప్పుడో పంపించిందని ఆశ్చర్యపోయాడు. లాయరుగారు వెళ్లి విచారించి వచ్చి, మా గదిలో మూట మీద కూర్చుని నేలచూపులు చూశారు. విషయమేమిటంటే, ఆయన టైపిస్టు పాత కాగితాలు ముందేసుకుని ఉత్తరం కొట్టాడు. ఓనరు అన్నచోట సర్కారు ఫైల్లో ఉన్న పేరే కొట్టాడు, ఆయన పాత చిరునామాతో సహా. లాయరుగారు చదవకుండా సంతకం చేశారు. మా ఇంటి డబ్బంతా రిజిస్టర్డ్ పోస్టులో ఆ పంజాబీ పెద్దాయన ఇంటికి వెళ్లిపోయింది. కరెంటు బిల్లు మా దగ్గరికొచ్చినంత నమ్మకంగా వెళ్లింది.

నేనూ, ఢిల్లీలోనే పుట్టి పెరిగిన మా అమ్మాయీ తిలక్ నగర్‌లో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాం. చూపు మందగించిన ముసలాయన, మేమెవరమో మా అమ్మాయి హిందీలో చెప్పాక గాని పోల్చుకోలేదు. డ్రాఫ్టు వచ్చిందనీ, ఫ్లాటు తాలూకు డిపాజిట్ ఏదో సర్కారు తిరిగిచ్చిందనుకుని కొడుక్కి ఇచ్చాననీ చెప్పాడు. సంగతి అర్థమయ్యాక రెండు చేతులూ జోడించాడు.

"బేటీ, ఒక్క ఇంటిని రెండుసార్లు అమ్ముకు తిన్నవాణ్ణి నేనే" అని ఏడ్చాడు.

కొడుకు ఏడవలేదు. అతనిది మోటారు సామాన్ల దుకాణం, తండ్రితో ఉమ్మడి ఖాతా. డబ్బంతా సరుకులో పెట్టేశానన్నాడు. ఇవ్వనని అనలేదు, మెల్లిగా ఇస్తానన్నాడు. మీ లాయరే రాసిన ఉత్తరం ప్రకారం ఓనరు మా నాన్నేగా అని నవ్వాడు కూడా. కేసు వేద్దామంటే మొత్తం ముట్టిందని మేమే వేలిముద్ర వేసిన రసీదు ఉంది. అసలు కేసు వేయించాల్సింది ఎవరి చేత, ఆ లాయరుగారి చేతేనా? అది వేసి గెలిచేలోపు మావారి బతుకు తెల్లారిపోతుంది. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందన్నట్టు, కింది ఇంటికని బయల్దేరి ఉన్న ఇల్లు పోగొట్టుకున్నాం.

ఆ ఆదివారం లాయరుగారు భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. డబ్బు సంగతి మాట్లాడతారనుకుని టీ పెట్టాను. ఆయన బైబిలు తెరిచి, కళ్లు మూసుకుని, అంతా ప్రభువు చిత్తమనీ, ఈ శోధనలో ఈ కుటుంబాన్ని బలపరచమనీ ప్రార్థన చేశారు. నా ఒళ్లు మండిపోయింది. ప్రభువుకు టైపింగ్ రాదు, ఆ ఉత్తరం కొట్టించింది మీరు అని అరవాలనిపించింది. కాని ఆమెన్ అన్నాను. వాళ్లు మెట్లు దిగి వెళ్లాక మా అమ్మాయి నా మీద విరుచుకుపడింది.

"మమ్మీ, ఆప్ అంకుల్ సే లడ్‌తీ క్యోఁ నహీఁ?" అంది. ఎందుకు పోట్లాడవని.

ఆ ఊళ్లో రేపు మావారిని మొయ్యాలన్నా ఆ చర్చి వాళ్లే రావాలి. ఆ మాట పిల్లతో ఎలా చెప్పను?

టీచరమ్మ ఆంటీ గడువు దాటాక కూడా కొన్నాళ్లు ఆగింది. ఆవిడను తప్పుపట్టడానికి లేదు. చివరికి ఒకరోజు బూత్ దగ్గరే కలిసి, ఇంక తన వల్ల కాదని, వేరే వాళ్లకు ఇచ్చేస్తున్నానని చెప్పింది. బయానా పోయింది, నగలూ పోయాయి. నేను పాలు పట్టుకుని బర్సాతీ మెట్లెక్కుతూ మధ్యలో కూలబడి బావురుమన్నాను. పైకి వెళ్లేసరికి నా ఏడుపు విని ఆయనకు అంతా తెలిసిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది.

దుకాణం కొడుకు ఆ డబ్బును ముక్కలు ముక్కలుగా ఇచ్చాడు. పెద్దాయన బతికున్నంత కాలం కాస్త తొందరగా, పోయాక మా అమ్మాయి వెళ్లి గుమ్మంలో కూర్చుంటే గాని లేదు. అంతా చేతికొచ్చేసరికి ఏళ్లు గడిచాయి. ఈలోపు ఢిల్లీలో ఇళ్ల ధరలు ఆకాశాన్నంటాయి. కింది ఫ్లాట్లయితే అడిగి సిగ్గుపడి రావడమే. లాయరుగారు తన వంతుగా ఫీజు తిరిగిచ్చేశారు, నేను తీసుకున్నాను. బర్సాతీ వాళ్లు ఖాళీ చెయ్యమన్నారు. మా డబ్బుకు దొరికింది ఘాజియాబాద్ వైపు, ఊరి చివర, అన్నిటికన్నా పై అంతస్తు. ఎండాకాలం పెనం మీద ఉన్నట్టుంటుందని అది చవక.

ఆయన్ని ఎక్కించడానికి మళ్లీ చర్చి కుర్రాళ్లే వచ్చారు, అదే పేము కుర్చీ. మలుపు మలుపుకీ ఆగి రొప్పుతూ మోశారు. లాయరుగారు కూడా వచ్చి ఒక పక్క పట్టారు, వద్దనలేకపోయాను. కుర్చీని కిటికీ దగ్గర దించారు. కిటికీలోంచి పక్క బిల్డింగు వెనక గోడ కనబడుతోంది. అందరూ వెళ్లాక మావారు ఎడం చేత్తో జేబులోంచి ఆ టోకెన్లు తీసి నా అరచేతిలో పెట్టారు. ఇన్నేళ్లూ చొక్కా మార్చినప్పుడల్లా ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చుకున్నవి.

"ఇవి నువ్వే వాడెయ్యి. నన్నింక దింపే పని పెట్టుకోమాక" అన్నారు.

సరేనన్నాను. ఈ కొత్త కాలనీలో పాల బూత్ అనేదే లేదు, పాలు సైకిలు మీద వస్తాయి.