డోలు పక్కన పెరిగిన చెవులు

విమానమంటే నాకెప్పుడూ భయం లేదు. భయమంతా నా చెవుల గురించే.

మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. గుడి సేవలో సన్నాయి, డోలు వాయించే ఇల్లు. నాన్నది డోలు. నాకు ఊహ తెలిసేసరికే చేతికి తాళాలిచ్చి, కర్రదెబ్బ పడే వైపు కూర్చోబెట్టారు. కల్యాణమైనా ఊరేగింపైనా నా చోటు అదే. ఆయన నేర్పిన పాఠం కూడా ఒక్కటే, డోలు ఆగినా తాళం ఆగకూడదని.

ఆ డోలు నాన్న ఎడమ చెవిని ఎప్పుడో మింగేసింది. అటువైపు నుంచి పిలిస్తే ఉలకరు, పలకరు. దాని మీద ఇంట్లో వేళాకోళాలాడేవాళ్లం, అందరికంటే ముందు నేనే. ఒక విమాన సంస్థ క్యాడెట్ పైలట్ శిక్షణకి రాత పరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కి, ఇక మెడికల్ ఒక్కటే మిగిలిందని తెలిశాక నాకు ఆ నవ్వు రాలేదు. అందులో వినికిడి పరీక్ష ఉంది. అది తప్పితే సీటు పోయినట్టే. ఆనాటి నుంచి వంటింట్లో కుళాయి చుక్కలు వినబడుతున్నాయా లేదా అని చెవులు రిక్కించుకుని తిరిగేదాన్ని.

విశాఖ ఆసుపత్రికి నేను వద్దన్నా నాన్న కూడా వచ్చారు. రైల్లో దారి పొడుగునా తొడ మీద వేళ్లతో తాళం వేస్తూనే ఉన్నారు. గాభరా పుడితే ఆయనంతే.

నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటనిచ్చారు. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కాలి. సన్నగా కూత వచ్చింది, నొక్కాను. మళ్లీ వచ్చింది, మళ్లీ నొక్కాను. బాగానే సాగుతోందనుకుంటుండగా పరీక్ష చేసే ఆవిడ తలుపు తీసింది.

"శబ్దం లేనప్పుడు కూడా నొక్కుతున్నారు. ఇలాగైతే ఈ పరీక్ష చెల్లదమ్మా" అంది.

నా బొటనవేలు చేసిన పని అప్పుడు తెలిసింది. నాలుగు కూతలు ఒకే నడకలో వచ్చేసరికి అది తాళం అందుకుంది. కూత ఆగినా ఆగలేదు. సంగతి చెబితే ఆవిడ నవ్వలేదు. ఈసారి కూతల మధ్య ఎడం మార్చి మార్చి వినిపిస్తాను, ఇంకొక్కసారి చేద్దాం అంది.

రెండోసారి కాలివేళ్లు బిగబట్టి కూర్చున్నాను. అంతా నిశ్శబ్దం. నిజంగా శబ్దం లేదా, ఉన్నది నాకే వినబడటం లేదా? నొక్కితే తప్పు, నొక్కకపోతే చెవుడు. ఇంత భయం నా జన్మలో ఎరగను. ఎక్కడో దోమ రొదలాంటిది వినిపిస్తే, ఏడుపు ఆపుకుంటూ నొక్కాను.

బయటికొచ్చేసరికి నాన్న బెంచీ మీద తల వంచుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. నా చెప్పులు చూసి గుర్తుపట్టారు గానీ తల ఎత్తలేదు.

"నా డోలు నీ సెవులు కూడా తినేసిందేటమ్మా?" అన్నారు.

"నేదు నాన్నా, రెండూ బాగున్నాయంట" అన్నాను.

ఆయన వేళ్లు అలాగే ఆడుతున్నాయి. నేను నిలబడింది ఎడమవైపు. చుట్టూ తిరిగి వెళ్లి, కుడి చెవి దగ్గర వంగి మళ్లీ చెప్పాను. నాకు తెలిసి మొదటిసారి, మా నాన్న తాళం మధ్యలో ఆగిపోయింది.