లైట్‌హౌస్ కింద గైడుగారు

మా రేవు పట్నం గైడుగారికి నెత్తిన తెల్ల టోపీ, చంకలో గొడుగు, గొంతులో చిన్న గరగర. ఏ ఓడ ఎక్కడ మునిగిందో, కోటగోడ ఏ తుపానుకు కూలిందో లైట్‌హౌస్ మెట్ల దగ్గరే నిలబడి కళ్లకు కట్టినట్టు చెబుతారు. ఆపైన, "మీరు ఎక్కి చూసి రండి, సంచులు నేను చూసుకుంటా" అంటారు. ఎత్తంటే ఆయనకు గుండెదడ. ఆ సంగతి భార్యకు కూడా తెలియనివ్వలేదు.

మొన్న కొత్తల్లుడు వచ్చి, "మామయ్యగారూ, పైనుంచి మీరే చూపించాలి" అని పట్టుబట్టాడు. "నా మోకాళ్లు సహకరించవు గానీ, మీరు వెళ్లండి. రోజూ ఎక్కేదేగా!" అంది భార్య. ఇక తప్పలేదు. గోడను తడుముకుంటూ ఎక్కారు. పైకి చేరగానే కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి చాచి, "అదిగో పాత రేవు! ఆ పక్కనే తెరచాపలు కుట్టిన వీధి!" అని గడగడా మొదలుపెట్టారు. ఆ చెయ్యి చూపిస్తున్నది బస్టాండును. అల్లుడు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు. మోచెయ్యి పట్టుకుని మెల్లగా సముద్రం వైపు తిప్పి, "ఎంత బావుందో! ఇంకా చెప్పండి మామయ్యగారూ" అన్నాడు.

దిగాక అత్తగారు అడిగింది: "అన్నీ కనిపించాయా బాబూ?"

"మామయ్యగారు ఒక్కటి కూడా వదల్లేదత్తయ్యా" అన్నాడు అల్లుడు, ఆయన మోచెయ్యి ఇంకా వదలకుండా.